ఏడుగురి దారి ఖర్చు

దూరప్రయాణము తలపెట్టిన ఇంటిలో మొదట పుట్టు మాట "ఎప్పుడు బయలుదేరుదాం?" అనునది. తరువాతి మాట "ఏమేమి సర్దుకోవాలి?" అనునది. "ఎంతవుతుంది?" అను మాట అన్నిటికంటె వెనుక వచ్చును. అదియైనను మగవారిద్దరు అరుగు మీద కూర్చుండి మెల్లగా అనుకొందురే గాని ఇంటి ఆడువారికిని ముసలివారికిని ఆ అంకె చెప్పరు. చెప్పనందున వారు దారిలో ఒక కప్పు టీ కావలెనన్నను ముందు కొడుకు మొగము చూచి, ఆ తరువాత అడుగుదురు. కొందరు అడుగనే అడుగరు.

నేను ముప్పది రెండేండ్లు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పినదానను. లెక్క యనునది పలక మీద అందరికి కనబడునట్లు వ్రాయవలసినదే గాని జేబులో దాచుకొనునది కాదని నా పట్టుదల. 2025 ఫిబ్రవరిలో మా కుటుంబమంతయు కారు మీద మెదకు దేవాలయమునకు వెళ్లి వచ్చితిమి. ఆ ప్రయాణపు లెక్క ఎట్లు వేసికొంటిమో, అందులో డబ్బు కంటె కష్టమైన చిక్కు ఎక్కడ వచ్చినదో వ్రాసిన యెడల మన గ్రామ సంఘములలోని కుటుంబములకు ఉపయోగపడునని తోచి వ్రాయుచున్నాను. లూకా సువార్తలో గోపురము కట్టదలచిన వాని ఉపమానము మీకందరికి తెలిసినదే. అది పెట్రోలును గూర్చి చెప్పబడినది కాదు గనుక దానిని ఇక్కడికి ఈడ్చుకొని రాను.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి డెబ్బది తొమ్మిది సంవత్సరములు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మెదకు దేవాలయమునకు నూరేండ్లు నిండినవని క్రిస్మసు దినములలో టీవీలో చూచినది మొదలు, కన్ను కనబడుచుండగనే దానిని చూడవలెనని ఆమె కోరిక. మా మరిదికి ఏడుగురు పట్టు పెట్రోలు కారు కలదు. మా అత్తగారు, మా వారు, నేను, మరిది, తోడికోడలు, ఏడవ తరగతి చదువుచున్న వారి పిల్లవాడు, మా వారి అక్క – ఇంతమందిమి. మా వారి అక్కను నేను వదినయనియే పిలుచుదును. ఆమె భర్తను పోగొట్టుకొని పదునాలుగేండ్లాయెను. అర ఎకరము చెక్క, రెండు గేదెలు, ప్రభుత్వమువారిచ్చు పింఛను ఆమెకు ఆధారము.

మొదట దూరము చూచితిమి. మా ఊరినుండి అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్లగొండ, నార్కెట్‌పల్లి మీదుగా హైదరాబాదు సుమారు 330 కిలోమీటర్లు. అక్కడనుండి నర్సాపురము అడవి దారిన మెదకు మరియొక 100. పోనురాను 860. పటము చూపు దూరము ఎన్నడును నడిచిన దూరము కాదు. పెట్రోలు బంకుకు ప్రక్కకు తిరుగుట, బంధువుల వీధి వెదకుట, దారి తప్పుట – ఇవి కూడ కిలోమీటర్లే. గనుక పదింట ఒక వంతు చేర్చి 950 అని వ్రాసితిమి.

తరువాత మైలేజి. కారు అమ్మినవారు లీటరుకు ఇరువది వచ్చునని చెప్పిరట. ఆ మాట ఖాళీ బండికి, సమమైన దారికి, ఏసీ లేని ప్రయాణమునకు చెల్లునేమో గాని ఏడుగురు ఎక్కి సామాను వేసికొన్న బండికి చెల్లదు. దీనిని తెలిసికొనుటకు తేలికైన ఉపాయము కలదు. టాంకు నిండ పోయించి మీటరు అంకె వ్రాసికొనవలెను. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల నిండ పోయింపవలెను. రెండవసారి ఎన్ని లీటర్లు పట్టెనో అన్నియే ఖర్చయినవి. మా మరిది జనవరి నెలలో అట్లు చూచెను. 312 కిలోమీటర్లకు 20.8 లీటర్లు పట్టెను. పిల్లవాడు భాగహారము చేసి పదునైదు అని చెప్పెను. 950ని 15 చేత భాగించిన 64 లీటర్లకు కొంచెము తక్కువ. ఆ నెలలో మా జిల్లాలో లీటరు పెట్రోలు సుమారు 110 రూపాయలు. ఏడు వేలు పెట్రోలుకు అని మొదటి పద్దు పడినది.

హైదరాబాదులో లీటరు 107 రూపాయల చిల్లర యున్నదనియు, టాంకు అక్కడ నింపుకొనిన మేలనియు మా వారు ఒక ఉపాయము చెప్పిరి. నలువది లీటర్లకు మిగులునది నూరు రూపాయలు. దారిలో ఉన్న బంకులో పోయించుకొనుట మంచిదే. దానికొరకు నగరములో అరగంట తిరిగినయెడల ఆ నూరును అక్కడనే ఆవిరియగును. టైర్లలో గాలి సరిగా నుంచుట, సామాను పైకప్పు మీద కట్టక లోపల సర్దుకొనుట, తొంబది దాటకుండ నడుపుట – వీటివలన మిగులు పెట్రోలు అంతకంటె ఎక్కువ.

టోలు సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. ఫాస్టాగ్ లేని బండికి జాతీయ రహదారులలో 2021 ఫిబ్రవరి నడిమినుండి మొదలుకొని మా ప్రయాణకాలము వరకు రెండింతలు వసూలు చేయుచుండిరి. చీటీ ఉన్నను అందులో నిలువ చాలనియెడల లేనట్లే లెక్క. గనుక బయలుదేరు ముందటి రాత్రియే నిలువ చూచుకొనుట మేలు. ఇరువదినాలుగు గంటలలో తిరిగి వచ్చువారికి రెండవసారి రుసుము సగమే పడును. మేము నాలుగవ దినమున తిరిగి వచ్చువారము గనుక ఆ తగ్గింపును ఆశింపలేదు. మా ప్రయాణమైన తరువాత, 2025 ఆగస్టు 15న, సొంత కార్లకు ఏడాది పాసు వచ్చినది. అప్పుడు దాని వెల 3,000 రూపాయలు. ఒక సంవత్సరము గాని 200 దాట్లు గాని, ఏది ముందైన అంతవరకు. అది విని మా మరిది సంతోషించెను గాని ఆ పాసు జాతీయ రహదారులకే గాని రాష్ట్ర ప్రభుత్వపు దారులకును హైదరాబాదు చుట్టునున్న ఔటర్ రింగు రోడ్డుకును చెల్లదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరు కదలువారికి దానితో పనిలేదు. మేము టోలుకు 1,200 ప్రక్కన పెట్టితిమి.

అద్దె బండి యైన ఎంతయగునో కూడ అడిగి చూచితిమి. కిలోమీటరుకు 14 రూపాయలనిరి. వినుటకు బాగుగనే యున్నది. అయితే దినమునకు తక్కువలో తక్కువ 300 కిలోమీటర్లకు ఇయ్యవలెనట. నాలుగు దినములకు 1,200 కిలోమీటర్లు, 16,800 రూపాయలు. బండి మెదకులో చెట్టు క్రింద నిలిచియున్న దినమునకు కూడ 300 లెక్కయే. డ్రైవరు బత్తా దినమునకు 500 చొప్పున రెండు వేలు. టోలు, రెండవ రాష్ట్రపు పర్మిట్ మనమీదనే. అద్దె మాటలాడుకొనువారు కిలోమీటరు ధర ఒక్కటే అడిగి ఊరుకొనక, దినమునకు ఎన్ని కిలోమీటర్లు కట్టుదురని తప్పక అడుగవలెను. ఊరిలో ఎవరిదో సొంత కారు, తెల్ల బోర్డు గలది, చౌకగా వచ్చునని కిరాయికి తీసికొనుట మన పల్లెలలో అలవాటు. కిరాయికి నడిపిన సొంత కారుకు దారిలో ఏదైన జరిగిన యెడల బీమా వారు పరిహారమియ్యక పోవచ్చును. ఆ చౌక చౌక కాదు. ఒకరిద్దరు వెళ్లుటకైతే బస్సే అన్నిటికంటె నయము. నడవలేని ముసలి తల్లితో ఏడుగురికి అది కుదరలేదు.

సొంత బండికి అద్దె లేదు గదా అని తోడబుట్టినవారు పెట్రోలు మాత్రము పంచుకొందురు. టైర్లు అరుగుట, ఆయిలు, సర్వీసు – ఇవి బండిగలవాడు ఆరు నెలల తరువాత ఒంటరిగా భరించును. అడుగుటకు అతనికి మొగమాటము. అందుచేత కిలోమీటరుకు రూపాయి చొప్పున వేయి రూపాయలు బండి అరుగుదల యని మేమే వ్రాసితిమి. మరిది వద్దనెను. వ్రాసినది వ్రాసితిమి అని మా వారు చెప్పిరి.

ఒక్క దినములో మెదకు చేరవచ్చునా అను ప్రశ్న డబ్బు లెక్క వలె కనబడదు గాని అదియు లెక్కయే. ఉదయము ఆరింటికి బయలుదేరినను ముసలామెతో ఆగుచు ఆగుచు 430 కిలోమీటర్లు పోవుసరికి సాయంకాలమగును. ఆ దేవాలయపు రంగుటద్దాల కిటికీలు వెలుపలి సూర్యకాంతి చేతనే కనబడును. ప్రొద్దుగుంకిన తరువాత చేరినయెడల ఇంత ఖర్చుపెట్టి నల్లని అద్దములు చూచి రావలెను. కాబట్టి శుక్రవారము హైదరాబాదులో మా అక్క కూతురింట ఆగి, రెండవ శనివారము నాడు మెదకు చేరి, అక్కడ రాత్రి నిలిచి, ఆదివారము ఆరాధన చూచుకొని, ఆ రాత్రి మరల హైదరాబాదులో పండుకొని, సోమవారము ఇల్లు చేరునట్లు ఏర్పరచుకొంటిమి. మెదకులో రెండు గదులకు మూడు వేలు. బయటి భోజనము, టిఫిను, టీలకు 4,500. అంతయు కూడగా 16,700. చేతి క్రింద 1,800. మొత్తము 18,500 రూపాయలు.

ఇంతవరకు కూడికయే. చిక్కు అటు పిమ్మట వచ్చినది.

లెక్క పెట్టుటకు అందరము కూర్చుందుమని చెప్పిన సాయంకాలమే వదిన మా వంటింటిలోనికి వచ్చి, "నాకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైనాయమ్మా. కార్లో అన్ని గంటలు కాళ్లు మడుచుకొని కూర్చోలేను. మీరు పోయిరండి. అమ్మకు అన్నీ చూపించండి" అనెను. ఆ ఉదయముననే ఆమె చేనిలో రెండు గంటలు వంగి కలుపు తీయుట నేను చూచితిని. అయినను మోకాళ్ల మాట కాదనలేదు. పేదవారు చెప్పు కారణములను ముఖాముఖిగా పరీక్షింపరాదు.

మా అత్తగారికి సంగతి తెలిసిపోయినది. తన దిండు క్రిందనుండి గుడ్డసంచి తీసి, "నా పింఛను నాలుగు వేలుంది. దాని వంతు ఇందులోనుంచి తీసుకోండి" అని కొడుకులకు ఇయ్యబోయెను. 2024 జూలై నుండి వృద్ధులకును వితంతువులకును పింఛను 4,000 ఆయెను; అంతయు ఆమె మందులకే సరి. వదిన ఆ మాట విని గుమ్మములోనే నిలిచి, "నీ డబ్బుతో నేను గుడి చూడాల్నా అమ్మా?" అని వెళ్లిపోయెను. ఆ రాత్రి ఆమె మా ఇంట అన్నము తినలేదు.

18,500ను ఏడు తలలకు పంచిన తలకు 2,640 పైగా వచ్చును. ఆమెకు అది గేదెల దాణా. మగవారు "అక్క వంతు మేము పెట్టుకుంటాంలే" అని సులభముగా అనిరి. పెట్టుకొనగలరు, నిజమే. కాని నాలుగు దినములు ఆమె ఆ కారులో తమ్ముళ్ల ధర్మము మీద కూర్చుండవలెను. ఇడ్లీ చాలునని దోసె వద్దనును. కిటికీ ప్రక్కన కూర్చుండుమన్నను వెనుక మూలకే పోవును.

నేను పిల్లవాని నోటుపుస్తకము తీసికొని ఆ పద్దులనే మరల చూచితిని. ఖర్చులన్నియు ఒక జాతివి కావు. పెట్రోలు, టోలు, అరుగుదల – ఈ 9,200 కారుకు అగు ఖర్చు. ఆరుగురు ఎక్కినను ఏడుగురు ఎక్కినను చక్రము తిరుగుట అంతే. గదులు రెండు, అత్తగారిని రాత్రి ఒంటరిగా విడువలేము గనుక ఆమె ప్రక్కన ఎవరో ఒకరు పండుకొనవలసినదే. ఇక మనిషి పెరిగినకొలది పెరుగునది భోజనమొక్కటే. 4,500ను ఏడింట పంచిన మనిషికి సుమారు 650 రూపాయలు. కారు ఖర్చు, గదుల ఖర్చు, చేతి క్రింది సొమ్ము కారు కదలించిన రెండు కుటుంబములవి. తిండి ఖర్చు తినువారిది. ఇది జాలి చేత చేసిన తగ్గింపు కాదు. ఆమె రాకపోయినను మా రెండు కుటుంబములకు ఆ 9,200లో ఒక్క రూపాయి తగ్గదు. ముందు తలలకు పంచితిమే, అదియే సరియైన లెక్క కాదు.

మరునాడు అందరి ఎదుట పిల్లవానిచేత చదివించితిమి. ఎవరి పేరును చదువలేదు. కారు ఖర్చు ఇంత, గదులింత, మనిషి భోజనము 650 అని చదివెను. వదిన గుమ్మమువద్ద నిలువబడి వినుచుండెను. ఆమె ఏమియు చదువుకొనలేదు గాని పాల లెక్కలో ఆమెను తప్పించినవాడు మా ఊరిలో లేడు.

"గది సంగతి?" అని అడిగెను.

"నాయనమ్మ దగ్గర ఎవరో ఒకరు పడుకోవాలిగా అత్తా. నువ్వు రాకపోతే మా అమ్మ పడుకోవాలి" అని పిల్లవాడు చెప్పెను.

ఆమె కొంతసేపు ఆలోచించినది. "పులిహోర, పెరుగన్నం, కారప్పూస నేను చేస్తాను. మొదటి రోజు హోటలు లేదు. ఆ ఆరువందల యాభై కూడ ఇస్తాను, రాసుకో" అనెను. మోకాళ్ల మాట ఎవరును ఎత్తలేదు. నాకు తెలిసి ఆమెయు మరల ఎత్తలేదు.

ప్రయాణము బాగుగ జరిగినది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటినపిమ్మట ఒక టైరుకు మేకు దిగినది. పంక్చరు వేయించుటకు రెండు వందలు. వాడపల్లి వద్ద కృష్ణ దాటి తెలంగాణములో ప్రవేశించిన తరువాత చింతచెట్టు నీడన వదిన పొట్లములు విప్పినది. అంత పులిహోర ఏడుగురికి కాదు, పదునలుగురికి. టీ దుకాణమువద్ద అందరికంటె ముందు ఆమెయే "నాకు రెండో కప్పు" అనెను. పిల్లవాడు ప్రతి పద్దును అప్పటికప్పుడే వ్రాసికొనుచుండెను. రాత్రి గుర్తు చేసికొని వ్రాయుదమనుకొన్న లెక్కలో చిల్లర ఎల్లప్పుడు పోవును.

మెదకు శనివారము మధ్యాహ్నము రెండింటికి చేరితిమి. 175 అడుగుల గోపురము దూరమునుండియే కనబడెను. లోపల మూడు కిటికీలు – యేసు పుట్టుక, సిలువ, ఆరోహణము – ఎండకు వెలుగుచుండెను. కరవు కాలములో పనిలేక ఆకలితో నున్నవారికి పని కల్పించి, కూటికి ఆధారము చూపి, మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్‌గారు ఈ దేవాలయమును కట్టించిరని మా వారు తల్లికి చెప్పిరి. ఆమె కిటికీలను చూచినంతసేపు నేల రాళ్లను కూడ చూచెను. "మేము కూడ ఇట్లాగే మోశాము" అని మెల్లగా అనెను.

ఆమె చెప్పినది నాగార్జునసాగరును గూర్చి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన ఆ రాతి ఆనకట్ట పనికి, పెండ్లికి ముందు రెండేండ్లు, ఆమె తలిదండ్రులతో కూలికి పోయెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. అప్పటికి ఆమె మా ఊరి కోడలు. కట్ట పూర్తియైన తరువాత మరల చూడలేదు. ప్రయాణము తలపెట్టినప్పుడు ఒకసారి సాగరు మాట ఎత్తి, ఖర్చని ఎవరో అనుట విని ఊరుకొన్నదట. ఆ మాట మాకు మెదకులో తెలిసినది.

సోమవారము తిరుగు ప్రయాణములో నల్లగొండ వద్ద మరిది కారు ప్రక్కకు ఆపెను. అక్కడనుండి ఒక దారి మిర్యాలగూడకు, ఒక దారి హాలియా మీదుగా సాగరుకు పోవును. "చదువురా" అనెను. పిల్లవాడు చదివెను. చేతి క్రింది 1,800లో పంక్చరుకు 200, నాయనమ్మ మాత్రలకు 50 పోగా 1,550 ఉన్నది. మొదటి దినము హోటలు లేనందున భోజనములో 700 మిగిలినది. సాగరు, మాచర్ల మీదుగా పిడుగురాళ్లలో పాత దారి కలిసినయెడల 80 కిలోమీటర్లు ఎక్కువ వేసికొన్నను పెట్రోలు ఆరువందలకు లోపు. నాగార్జునకొండకు లాంచి ఎక్కవలెనని తోడికోడలికి ఉండెను గాని ఏడు టిక్కెట్లు, సగము దినము – అది ఈసారికి కాదని ఆమెయే అనుకొన్నది. ఎవరును ఎవరి మొగము చూడలేదు. మరిది బండిని హాలియా దారి పట్టించెను.

కట్ట కనబడుచోట అత్తగారిని దింపితిమి. ఎండ బాగుగ నుండెను. ఆమె వదిన భుజము పట్టుకొని నిలిచి, కట్టకు ఈ చివరనుండి ఆ చివరకు చాలసేపు చూచెను. తాను మోసిన రాళ్లు ఎటువైపువో పోల్చుకొనవలెనని చూచినట్లున్నది. ఏమియు చెప్పలేదు. ప్రక్కన ఒకామె ఉడికించిన వేరుసెనగకాయలు అమ్ముచుండెను. పిల్లవాడు ఏడు పొట్లములు కొని, పుస్తకము తెరచి వ్రాయబోయెను.

"అది రాయబాకరా" అని అత్తగారు కొంగు ముడి విప్పి నోటు తీసెను. "ఇక్కడ నా కూలి డబ్బుంది."

పిల్లవాడు ఆమె ఇచ్చిన నోటును తీసికొని సెనగకాయల ఆమెకిచ్చి, చిల్లర తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టెను.